కొబ్బరికాయ దించిన చోటు

శేషగిరి గారు పొద్దున లేవగానే ఒక గ్లాసు నీళ్ళు పట్టుకుని గుమ్మం మెట్టు మీద కూర్చునేవారు. సగం తాగేవారు. మిగతా సగం మెట్టు పక్కన మట్టిలో పోసి, ఎంతసేపటికి ఇంకుతుందో చూసేవారు. ఇంకిన తరవాత ఆ తడిమట్టి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, చెయ్యి దులుపుకుని పనికి లేచేవారు. మొదటిసారి చూసినప్పుడు అది సూర్యుడికి ఇచ్చే అర్ఘ్యం లాంటిదేదో అనుకున్నాను. కాదని ఆయన భార్య సుధామయి గారు చెప్పారు.

"పూజైతే పుణ్యమన్నా వస్తాది. ఈయనది ఉత్త అలవాటు."

ఆ గుమ్మం కెనడాలో ఒసోయూస్ అనే ఊళ్ళో ఒక చెర్రీ తోట అంచున, పనివాళ్ళ కోసం కట్టిన చెక్క ఇంటిది. 2023 వేసవి సెలవుల్లో నాలుగు నెలలు నేను వాళ్ళతోపాటు ఆ ఇంట్లో ఉన్నాను. మా కాలేజీ ఉన్న సర్రీలో కాఫీ దుకాణంలో ఒక పార్ట్‌టైమ్ ఉద్యోగం పడిందంటే మాలాంటి విద్యార్థులు రెండు వీధుల పొడవునా లైన్లో నిలబడుతున్న రోజులవి. నేను లైన్లో నిలబడగలను గాని, లోపలికి వెళ్ళాక నా గురించి నేను చెప్పుకోలేను. తోటల దగ్గర ప్యాకింగ్ షెడ్డులో పని ఉందనీ, అక్కడ ఎవరూ ఏమీ అడగరనీ క్లాసులో ప్రజ్వల్ చెప్పాడు. ఆ ఒక్క మాటకే అతని కారెక్కాను. ప్రజ్వల్‌ది జగిత్యాల. వరసగా రెండో ఏడు తోటల పనికి వెళుతున్నాడు.

సర్రీ దాటి కొండలెక్కి దిగుతుంటే అయిదు గంటల ప్రయాణం. దారిలో దేవదారు చెట్లు పల్చబడుతూ వచ్చి, ఒకచోట పూర్తిగా ఆగిపోయాయి. తరవాత అన్నీ బోడికొండలు, ఎండుగడ్డి, బూడిదరంగు పొదలు. ఆ పొద ఆకు నలిపితే ఘాటుగా కర్పూరం వాసన వస్తుంది. ఊరి మొదట్లో బోర్డు మీద ఇది కెనడా ఎడారి అని రాసుంది. కిందేమో పెద్ద నీలం చెరువు. చెరువు నీళ్ళు పైపుల్లో వెళ్ళినంత మేరా పచ్చగా తోటలు, ఆ గీత దాటితే ఇసక. నేను ఊరి నుంచి కొన్ని కథల పుస్తకాలు తెచ్చుకున్నాను. ఎక్కడా ఇమడని మనుషుల కథలంటే నాకు ఇష్టం. వాటిని ఆ వేసవిలో చదవలేదు. చెర్రీ పళ్ళు ఏరీ ఏరీ రాత్రి కళ్ళు మూసుకున్నా ఎర్రగా దొర్లుతూ కనిపించేవి.

శేషగిరి గారిది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్క పల్లె. అప్పటికి నలభై ఒకటి. డిగ్రీ రెండో ఏట మానేసి కొన్నాళ్ళు బోరు బండి మీద పనిచేశారు. తరవాత వాళ్ళ నాన్నగారి పని అందుకున్నారు. అంటే పాయింటు చూడటం. బోరు వేయించే రైతు ముందు ఈయన్ని పిలుస్తాడు. ఈయన అరచేతిలో పీచున్న కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలంలో నడుస్తారు. నీళ్ళున్న చోట కాయ నిటారుగా లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెడతారు, బండి అక్కడికి వస్తుంది. సుధామయి గారు ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కెనడా ఆలోచన ఆవిడది. 2021లో ఆవిడకు స్టడీ పర్మిట్ వచ్చింది, ఆవిడ వెనక డిపెండెంటుగా ఈయనకు వర్క్ పర్మిట్ వచ్చింది.

సర్రీలో ఒక బేస్‌మెంటులో ఎనిమిదిమంది కుర్రాళ్ళ మధ్య ఈ దంపతులకు ఒక గది దొరికింది. ఆ కుర్రాళ్ళు ఈయన్ని అంకుల్ అనేవారు. అంకుల్, మీది ఏ ఇన్‌టేక్, అంటే కాలేజీలో ఏ బ్యాచి, అని అడిగేవారట. మాది మొగుళ్ళ ఇన్‌టేక్ అబ్బయ్యా అని ఈయన జవాబు. కాని ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. గోదాములో పని, ఎప్పుడూ ముసురు, తలుపు తీస్తే కాంక్రీటు. కారు లైసెన్సు పరీక్ష మూడుసార్లు పోయింది. మాట్లాడటానికి ఎవరూ లేక మాట్లాడటం తగ్గించేశారు. 2022 జులైలో రెండు వారాలు చెర్రీలు కోయడానికని ప్రజ్వల్‌తో ఒసోయూస్ వచ్చారు. కారు దిగి, వంగి, మట్టి పట్టుకుని చూశారట. రెండు వారాల తరవాత తిరిగి వెళ్ళలేదు.

ఫోన్లో భార్యతో, "సుధా, ఈడ అచ్చం మనూరి మాదిరే ఉండాది," అన్నారు.

"మనూరి మాదిరి ఉండేదానికి ఇంత దూరం రావల్లనా?" అన్నారు ఆవిడ.

అయినా కోర్సు అయిపోయాక, 2023 మే నెలలో, ఆవిడా ఇక్కడికే వచ్చారు. ప్యాకింగ్ షెడ్డులో నా పక్కనే బెల్టు దగ్గర నిలబడేవారు. పళ్ళు కదిలి వెళుతుంటే పగిలినవీ, మచ్చలున్నవీ తీసి పారేయడం మా పని. చేతులు పని చేస్తూ ఉండేవి, ఆవిడ తల మాత్రం లెక్కలు వేస్తూ ఉండేది. పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, కావలసిన స్కోరుకి ఆవిడ చాలా దగ్గరలో ఆగిపోయారు. ప్రభుత్వం పేర్లు తీసే ప్రతి డ్రా రోజూ కటాఫ్ చూసి, ఫోను జేబులో పెట్టేసుకునేవారు. ఎవరైనా యజమాని జాబ్ ఆఫర్ కాగితాలు ఇస్తే స్కోరుకి యాభై కలుస్తాయి. అలాంటి యజమాని మా ఎరికలో ఒక్కడే, తోట సొంతదారు ఢిల్లాన్ గారు.

ఆయనకు అరవై ఆరేళ్ళు. పంజాబు నుంచి వచ్చి నలభై ఏళ్ళయింది. అందరం అంకుల్‌జీ అనేవాళ్ళం. మాతో హిందీలో మాట్లాడేవారు. ముందు ఏడాది ఆయన తోటకు పైన, కొండవాలున కొంత బీడు కొన్నారు. చెరువు పైపు అంత ఎత్తుకు రాదు. అక్కడ ద్రాక్ష వేయాలని ఆయన కోరిక. ఒక బోరు వేయించారు, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రెండోది ఎక్కడ వేయాలా అని చూస్తున్నారు. వెనకటి రోజుల్లో ఇక్కడ తెల్లవాళ్ళు కూడా విల్లో చెట్టు పంగలకర్ర పట్టుకుని నీళ్ళు వెతికేవారట. ఆ పని తెలిసిన ముసలాయన పోయి చాలా ఏళ్ళయిందని అంకుల్‌జీ ఒకరోజు భోజనాల దగ్గర అన్నారు.

అప్పుడు ప్రజ్వల్ చేసిన పని వల్లే ఇదంతా జరిగింది. తప్పని అనలేను, గర్వంతో చేశాడు. శేషగిరి గారి ఊరి కుర్రాళ్ళెవరో ఎప్పుడో తీసిన వీడియో వెతికి పట్టుకున్నాడు. అందులో ఈయన తెల్లచొక్కా వేసుకుని, మెళ్ళో బంతిపూల దండతో, అరచేతిలో కాయ పెట్టుకుని నడుస్తున్నారు. కాయ లేచి నిలబడగానే వెనక జనం ఈలలు వేస్తున్నారు. అది తీసుకెళ్ళి అంకుల్‌జీకి చూపించాడు. వచ్చి మాకు చెప్పాడు.

"అన్నా, నువ్వు గింత ఫేమస్ అని మాకు చెప్పవైతివి. గది ఓ పాజిటివ్ రక్తం ఉన్నోళ్ళకే వస్తదట గద? నీది ఓ పాజిటివేనా?"

శేషగిరి గారు పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని బయటికి వెళ్ళిపోయారు. పళ్ళెంలో సగం అన్నం అలాగే ఉంది.

మర్నాడు సాయంత్రం అంకుల్‌జీ ఒక సంచీ నిండా పీచ్ పళ్ళు తెచ్చి మా మెట్టు మీద కూర్చున్నారు. పాయింటు చూపించమన్నారు. నీళ్ళు పడితే ద్రాక్షతోట వేస్తాననీ, దానికి లెక్కలూ మనుషులూ చూసుకునే సూపర్‌వైజర్ కావాలనీ, ఆ ఉద్యోగం సుధామయి గారికే కాగితం మీద రాసిస్తాననీ అన్నారు. బెదిరింపూ లేదు, బేరమూ లేదు. ఆ మనిషి మామూలుగా మాట్లాడే తీరే అది. ఆ పని మానేశాను అని శేషగిరి గారు మొదలుపెట్టేలోపు సుధామయి గారు లోపలి నుంచి వచ్చి, చూస్తారు అంకుల్‌జీ అని చెప్పేశారు.

ఆయన వెళ్ళాక వాళ్ళిద్దరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో ఒకటే గది, మధ్యలో దుప్పటి కట్టుకుని ఒక పక్క నేను ఉండేదాన్ని. గట్టిగా మాట్లాడుకుంటే బాగుండునని నాకనిపించింది. చాలాసేపటికి ఆవిడ గొంతు వినపడింది.

"మన తట్టు ఎంతమందికి నిలబెట్టినావు కాయ. నా కోసం ఒక్కసారి నిలబెట్టలేవా?"



మరుసటి సాయంత్రం నుంచి ఆయన పని దిగాక కొండవాలుకి వెళ్ళడం మొదలుపెట్టారు. సాయంత్రం నడక నాకూ అలవాటే. వెనకాల పది అడుగుల దూరంలో వెళ్ళేదాన్ని. ఆయన కొబ్బరికాయ తీసుకెళ్ళలేదు. ఉత్త చేతులతో నడిచేవారు. వంగి రాళ్ళు తిప్పి కింద తడి ఉందేమో చూసేవారు. చీమల బారు ఎటు పోతోందో చూసేవారు. జింకలు తొక్కిన దారి వెంట వాగు దాకా వెళ్ళి ఆగిపోయేవారు. మూడో రోజో నాలుగో రోజో ఒక రాయి మీద కూర్చుని, నన్ను కూడా కూర్చోమని, తనంతట తానే చెప్పారు.

వాళ్ళ నాన్నగారు పాయింటు చూసే ముందురోజు సాయంత్రం ఒంటరిగా ఆ చేనంతా నడిచేవారట. పుట్ట ఎక్కడ ఉంది, ఈతచెట్టు ఉందా, కప్ప అరుస్తోందా, వేసవిలో కూడా గరిక ఏ మూల పచ్చగా ఉంది, తెల్లవారుజామున మంచు ఎక్కడ ఎక్కువసేపు నిలుస్తుంది అని చూసేవారు, రైతు పెళ్ళాన్ని అడిగేవారు. అవన్నీ చూసుకుని చోటు మనసులో పెట్టుకునేవారు. మర్నాడు పదిమంది ముందు కాయ పట్టుకుని నడిచి, ఆ చోటికి రాగానే లేపేవారు. శేషగిరి గారు నా చేతిలోని నీళ్ళ సీసా తీసుకుని అరచేతిలో అడ్డంగా పెట్టుకున్నారు. బొటనవేలి మొదలు కొంచెం బిగిసింది. సీసా నిటారుగా లేచి నిలబడింది. పక్కనే కూర్చుని చూస్తున్నా, చెయ్యి కదిలినట్టు నాకు తెలియలేదు.

"అంతే మా. ఇంగేం లేదు."

మరి కాయ ఎందుకు అని అడిగాను.

"మనిషి చెప్తే రైతు నమ్మడు మా. కాయ చెప్తే నమ్ముతాడు. మా నాయన రెండు గంటలు నడచి కనుక్కునేది, కాయ రెండు నిమిషాల్లో చెప్పేది. పేరంతా కాయకే."

ఎన్ని చోట్ల నీళ్ళు పడేవని అడిగాను. పదింటికి ఆరు, మంచి ఏడాదిలో ఏడు అన్నారు. మా అన్న చేన్లో పడలేదు అని కూడా అన్నారు. అన్నాక లేచి నాకంటే ముందు నడిచి వెళ్ళిపోయారు.

ఆ సంగతి మర్నాడు బెల్టు దగ్గర సుధామయి గారి ద్వారా తెలిసింది. అన్నగారి పేరు పాండురంగ. తమ్ముడు చూపించిన పాయింట్ల మీద వరసగా నాలుగు బోర్లు వేయించాడు. నాలుగింటా తెల్లదుమ్మే లేచింది. చేను అమ్మేసి బెంగుళూరు వెళ్ళి, ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఆరేళ్ళుగా తమ్ముడితో మాట లేదు. ఆ తరవాత శేషగిరి గారు కొబ్బరికాయ ముట్టుకోలేదు, గుడికి కూడా తీసుకెళ్ళలేదు. ఊళ్ళో మొహం చూపించుకోలేక ఇంట్లో కూర్చున్న మనిషిని చూడలేకే ఈ దేశం ఆలోచన చేశానని ఆవిడ అన్నారు. నేనేమీ అడగలేదు. అయినా నా మొహంలో ఏం కనపడిందో మరి.

"అడక్కూడనిది అడిగినానని నాకు తెలుసు. డిసెంబరు వస్తే నాకు ముప్పై ఆరు. పుట్టినరోజు వస్తే స్కోరు తగ్గించే దేశం ఇది," అన్నారు.

ఒక మచ్చ ఉన్న పండు ఆవిడ ముందు నుంచి దాటిపోయింది. నేను తీసి పారేశాను.

ఏడు సాయంత్రాలు నడిచారు శేషగిరి గారు. ఇక్కడ పుట్టలు లేవు. ఎటు చూసినా అవే బూడిద పొదలు. వాగు వంపు తిరిగే చోట మాత్రం కొన్ని మొక్కలు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆయన వాటి దగ్గర ఎక్కువసేపు కూర్చునేవారు. ఒకసారి మొదలు దగ్గర మోచేయి లోతు తవ్వి చూశారు. పొడి ఇసక. ఆ మొక్క కింద ఉన్న నీళ్ళు తాగి బతుకుతుందో, వసంతంలో కరిగిన మంచునీళ్ళతోనే ఏడాదంతా నెట్టుకొస్తుందో తనకు తెలియదన్నారు. ఊళ్ళో అయితే చెట్టును చూసి దాని సంగతి చెప్పగలరు. ఇక్కడి చెట్లతో పరిచయం లేదు. పొద్దున గుమ్మం దగ్గర నీళ్ళు పోసి చూడటం దానికేనని నాకు అప్పటికి అర్థమైంది. ఏడాదికి పైగా ఆ మట్టితో పరిచయం చేసుకుంటున్నారు, ఇంకా కుదరలేదు.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున ముహూర్తం పెట్టారు. ఆ ఊరి కొట్లో దొరికే కొబ్బరికాయలకు పీచు ఉండదు. సర్రీ నుంచి వచ్చే ఒక డ్రైవరు చేత ప్రజ్వల్ పీచున్న కాయ తెప్పించాడు. అంకుల్‌జీ, ఆయన భార్య, బోరు బండి మనిషి, మేము నలుగురం. అంకుల్‌జీ భార్య ఫ్లాస్కులో టీ తెచ్చారు. శేషగిరి గారు తలస్నానం చేసి తెల్లచొక్కా వేసుకున్నారు. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది సుధామయి గారు.

ఆయన కాయ అరచేతిలో పెట్టుకుని గట్టు నుంచి నడవడం మొదలుపెట్టారు. పది అడుగులు వేసి తిరిగారు. మళ్ళీ పది అడుగులు. కాయ పడుకునే ఉంది. ప్రజ్వల్ ఫోనులో వీడియో తీస్తున్నాడు. వాగు వంపు దగ్గరికి, ఆ పచ్చమొక్కల దగ్గరికి వచ్చి ఆయన ఆగారు. సుధామయి గారు చున్నీ కొస వేలికి చుట్టుకుంటున్నారు. అసలు సంగతి తెలిసినదాన్ని కాబట్టి నేను కాయను కాకుండా ఆయన బొటనవేలి మొదలు చూస్తున్నాను. అది బిగిసింది. కాయ ఒక వేలు ఎత్తు లేచింది. అంకుల్‌జీ భార్య చేతులు జోడించారు.

కాయ మళ్ళీ పడుకుంది. శేషగిరి గారు వంగి, కాయను నెమ్మదిగా నేల మీద పెట్టారు. అంకుల్‌జీ వైపు తిరిగి తన విరిగిన హిందీలో చెప్పారు.

"అంకుల్‌జీ, నాకు తెలియదు. ఈ నేల నాకు తెలియదు. కాయకు ఎప్పుడూ ఏమీ తెలియదు."

అంకుల్‌జీ ఆయన్ని చూశారు, కాయను చూశారు. తరవాత బోరు బండి మనిషిని పిలిచి, కాయ ఉన్న చోట మేకు కొట్టమన్నారు. శేషగిరి గారు అడ్డం వెళ్ళారు. అది తాను దించిన చోటే గాని చూపించిన చోటు కాదని రెండుసార్లు చెప్పారు. అంకుల్‌జీ నవ్వి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. తమ ఊళ్ళోనూ ఇలాంటివాళ్ళు ఉండేవారనీ, తెలుసు అనేవాడు దొంగ అనీ, తెలియదు అనేవాడి చేతిలోనే విద్య ఉంటుందని వాళ్ళ తాతగారు చెప్పేవారనీ అన్నారు. కాయ లేవడం తన కళ్ళతో చూశానన్నారు. మేకు దిగింది. దాని తలకి ఎర్రగుడ్డ కట్టారు.

ఇంటికి వచ్చేటప్పుడు సుధామయి గారు మాకంటే చాలా ముందు నడిచారు. ఆ వారమంతా ఆవిడ మొహం చూస్తే కోపమో ఆశో తెలిసేది కాదు. ఒకరోజు చపాతీలు చేస్తూ, ఆయనతో కాకుండా నాతో, నిజం చెప్పినా నీళ్ళు పడకూడదని ఏమీ లేదు కదా అన్నారు.

తరవాతి గురువారం బండి వచ్చింది. మేము షెడ్డులో ఉన్నాము, ఆ చప్పుడు అక్కడికి వినిపిస్తూనే ఉంది. శేషగిరి గారు సెలవు పెట్టి బండి దగ్గరే నిలబడ్డారు. వంద అడుగులకు దుమ్ము. రెండొందలకు రాయి, దుమ్ము. మూడొందల దగ్గర ఆపేద్దామని ఆయన చెప్పారట. అంకుల్‌జీ నాలుగొందల దాకా వెళ్ళమన్నారు. మధ్యాహ్నం మేము బయటికి వచ్చేసరికి పైవాలు నుంచి తెల్లటి దుమ్ము గాలికి దిగి, చెర్రీ ఆకుల మీద పేరుకుని ఉంది. సుధామయి గారు ఒక ఆకు మీద వేలితో గీసి చూసుకున్నారు. అనంతపురంలో పుట్టినవాళ్ళకు ఆ రంగుకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. మళ్ళీ షెడ్డులోకి వచ్చి చేతి తొడుగులు వేసుకున్నారు.

అంకుల్‌జీ కోప్పడలేదు. నువ్వు చెప్పావు బేటా, నేను వినలేదు అన్నారట. కాని ద్రాక్షతోట ఆలోచన ఆ రోజుతో మానుకున్నారు. నెల తిరక్కుండా ఆ వాలు అమ్మకానికి పెట్టారు. ద్రాక్షతోట లేకపోతే సూపర్‌వైజర్ లేరు, కాగితాలూ లేవు. ఆ మాట ఆయన సుధామయి గారితో స్వయంగా వచ్చి చెప్పారు. అప్పుడు కూడా పళ్ళ సంచీ తెచ్చారు.

బోరు వేసిన ఆ వారమే, ఆదివారం పొద్దున, శేషగిరి గారు మెట్టు మీద నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను తీశారు. ఎవరెవరినో అడిగి అన్నగారి కొత్త నంబరు సంపాదించారు. ఆయన చేతులు దుమ్ముకూ మందులకూ పగిలి ఉన్నాయి, ఫోను స్పీకర్లో పెట్టి మోకాలి మీద పెట్టుకున్నారు. తలుపు తెరిచే ఉంది. నేనూ సుధామయి గారూ లోపల ఉన్నాం.

"హలో, ఎవరు సార్? ఏ ఫ్లాట్?"

"అన్నా, నేను శేషాని."

అటు నుంచి బెంగుళూరు ట్రాఫిక్కు వినపడింది. శేషగిరి గారు దేనికీ ఆగలేదు. కాయ ఎప్పుడూ తన చెయ్యే లేపేదని, అన్న చేనులో కూడా అంతేనని ఒక్క గుక్కలో చెప్పేశారు.

"అది నాకు తెలీదారా? నాయన చెయ్యి నీకంటే ముందు నుంచి సూస్తాండా."

"మరి ఎందుకన్నా..."

"ముందురోజు సాయంత్రం నువ్వు నడచలేదు. మంది సేన్లన్నీ నడచినావు. నా సేన్లోకి మాత్రం నేరుగా కాయ ఎత్తుకొని వచ్చినావు. నాలుగు సార్లూ అంతే. కారు ఇంజను గూడా ఆపలేదు రా నువ్వు."

శేషగిరి గారు మట్టి వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ రోజుల్లో తనకు చాలా పేరు ఉండేదనీ, రోజుకు మూడు ఊళ్ళు తిరిగేవాడిననీ, నడవకుండానే కాయ లేస్తోందని తానే నమ్మడం మొదలుపెట్టాననీ ఆయన తరవాత నాతో అన్నారు. అన్నతో మాత్రం అదేమీ చెప్పలేదు.

"ఈడ ఏడు సాయంత్రాలు నడచినా అన్నా."

"పడిందా?"

"లేదు. నాకు తెలీదని ముందే చెప్పినా. వాళ్ళు వినలేదు."

అటు నుంచి ఏదో బండి హారను మోగింది. పాండురంగ గారు ఎవరినో ఆగమన్నారు.

"సరే. గేటు కాడ కారు వచ్చింది. వచ్చే ఆదివారం చెయ్," అని పెట్టేశారు.

సుధామయి గారు భుజానికి సంచీ తగిలించుకుని బయటికి వెళ్ళారు. ఆదివారం కూడా మాకు షిఫ్టు ఉంది. మెట్టు దిగుతూ ఒక్క క్షణం ఆగారు.

"ఈ మాట చెప్పేదానికి కెనడా దాకా రావల్సి వచ్చింది నీకు," అన్నారు. "ఆ చేతులకు ఆ డబ్బాలో నూనె ఉంది, రాసుకో."

ఆయన ఆ రోజు మిగతా నీళ్ళు పోశారో లేదో నేను చూడలేదు. మాకు ఆలస్యమైంది.

సెప్టెంబరులో నా క్లాసులు మొదలై నేను సర్రీ వచ్చేశాను. ఆపిల్ కోతలు అయ్యాక వాళ్ళూ వచ్చేశారు. డిసెంబరులో సుధామయి గారికి ముప్పై ఆరు నిండాయి, స్కోరు మరి కొంచెం తగ్గింది. ఇప్పుడు 2025. ఆవిడ ఒక కిరాణా దుకాణంలో షిఫ్టు లీడరు, పర్మిట్ వచ్చే ఏడాది జూన్ దాకా ఉంది. కొన్నాళ్ళ కిందట వాళ్ళింటికి వెళ్ళాను. మళ్ళీ బేస్‌మెంటే, గుమ్మం ముందు కాంక్రీటే. శేషగిరి గారు గ్లాసు నీళ్ళు పూర్తిగా తాగేస్తున్నారు. ఆదివారాలు అన్నతో మాట్లాడుతున్నారు. ఎక్కువ మాటలేమీ ఉండవని సుధామయి గారు అన్నారు. వాన పడిందా అని అన్న అడుగుతారు, పడింది అని ఈయన చెబుతారు.

శేషగిరి గారు ఇప్పుడు ఒక బస్సుల షెడ్డులో పనిచేస్తున్నారు. రోజుకు ఇరవై రెండు బస్సులు కడుగుతారు.